శాసనసభ్యుడు వూరికొస్తే ఏం చెప్పాలి? మనం ఏం అడగాలి?

శాసనసభ్యుడు వూరికి వస్తున్నాడంటే రెండు రకాల హడావుడి కనబడుతుంది. పెద్ద వీధిలో షామియానా వేస్తారు, మైకు కడతారు, దండలు తెప్పిస్తారు. పేటలోనేమో ఆ పూట పనికి పోవాలా, మానాలా అన్న తర్జనభర్జన. పోతే కూలి దక్కుతుంది. మానితే సభలో జనం లెక్కకు పనికొస్తాం. ఆ మైకులో చెప్పేదాంట్లో మనకు సంబంధించింది ఎంత, మనం అడగాల్సింది ఎంత అన్న ఆలోచన మాత్రం చాలాసార్లు రాదు. ఈ వారం దాని గురించి నాలుగు మాటలు చెప్పదలిచాము.

2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది. కృష్ణా డెల్టాలో అది వరి కోతల కాలం. పనల మీద వున్న వరి నీట మునిగింది. కోయని చేలు నేలకొరిగాయి. కుప్పలు వేసుకున్నవాళ్లకు కూడా అడుగు పనలు మొలకెత్తాయి. మేము పనిచేసే ప్రాంతంలో ఒక వూరికి పది పదిహేను రోజుల తరవాత ఆ నియోజకవర్గం శాసనసభ్యుడు వచ్చాడు. పంటనష్టం చూడటంతో పాటు, చేసిన చట్టాలు, వూళ్లో జరిపించిన పనులు ప్రజలకు నివేదిస్తాడని ముందురోజే టముకు వేయించారు.

మంచిదే. ఓటు వేయించుకున్నవాడు అయిదేళ్ల మధ్యలో ఒకసారి వచ్చి లెక్క చెప్పటం ఎవరూ తప్పుపట్టరు. అందుకే సంఘం తరఫున మేమూ వెళ్లాము. పేటవాళ్లనూ రమ్మన్నాము.

ఆయన ముప్పావుగంట మాట్లాడాడు. ముందు సిమెంటు రోడ్డు, మంచినీళ్ల ట్యాంకు, పంచాయతీ ఆఫీసుకు కొత్త గదులు. తరవాత చట్టాలకు వచ్చాడు. మూడు చెప్పాడు. కౌలు రైతుల కోసం 2019లో చేసిన పంట సాగుదారు హక్కుల చట్టం ఒకటి. అసైన్డ్ భూమి పొందిన పేదలకు 20 ఏళ్లు దాటితే అమ్ముకునే వీలు కల్పిస్తూ 2023లో తెచ్చిన సవరణ రెండోది. 2022లో సభ ఆమోదించి, 2023 అక్టోబరు ఆఖరున అమల్లోకి తెచ్చిన ల్యాండ్ టైట్లింగ్ చట్టం మూడోది. ప్రతిదాన్నీ "ఇచ్చాం" అన్న మాటతో ముగించాడు. హక్కు ఇచ్చాం, కార్డు ఇచ్చాం, భద్రత ఇచ్చాం. ముందు వరసలవాళ్లు చప్పట్లు కొట్టారు.

అప్పుడు వెనక నుంచి ఒక ఆడమనిషి లేచింది. రెండెకరాలు కౌలుకు చేస్తుంది. మిగతా రోజులు కూలికి పోతుంది.

"అయ్యా, తమరు చెప్పిన కార్డు నాకు లేదు. అడగబోతే ఆసామి సంతకం తెమ్మన్నారు. ఆసామి పెట్టనంటున్నాడు. మునిగింది నా చేను, అప్పు నాది. కాగితంలో వున్నది ఆయన పేరు. రేపు డబ్బొస్తే ఎవరికొస్తది?"

"ఆసామితో మాట్లాడి పెట్టిస్తాలే అమ్మా, పేరు రాయించుకో" అన్నాడు శాసనసభ్యుడు.

"నా ఒక్కదానికి పెట్టిస్తారు. ఈ వూళ్లో కౌలోళ్లందరికీ పెట్టిస్తారా? ఆ చట్టం రాసేటప్పుడు ఆసామి సంతకం ఎందుకని తమరు అడగలేదా అయ్యా?"

సభ చల్లబడింది. పక్కనున్న పెద్దమనుషులు "కూచో, కూచో" అన్నారు. శాసనసభ్యుడు వాళ్లను ఆపి, "ఆ రోజు సభలో నేను మాట్లాడలేదమ్మా. బిల్లు మంచిదే అనుకున్నాం" అన్నాడు. ఆ మాట నిజాయితీగా అన్నందుకు మేము ఆయన్ను మెచ్చుకుంటాము. అయితే ముప్పావుగంట నివేదికలో అసలైన నివేదిక ఆ ఒక్క మాటే.

తాళం ఆసామి చేతిలో

ఆ కార్డు కథ తెలియని కూలీలు, కార్యకర్తలు చాలామంది వున్నారు కనుక కొంచెం వివరంగా చెబుతాము.

కౌలుదారుల పేర్లు రికార్డుకెక్కాలన్నది పాత కోరిక. కోనేరు రంగారావు భూకమిటీ 2006లో ఇచ్చిన నివేదికలో కూడా ఆ సంగతి వుంది. సంఘాలు పోరగా పోరగా 2011లో ఉమ్మడి రాష్ట్ర శాసనసభ ఒక చట్టం చేసింది. దాని కింద కౌలుదారుకు ఏడాది గడువుతో రుణ అర్హత కార్డు ఇచ్చారు. ఆసామి సంతకం తేవాలన్న షరతు అందులో లేదు. సాగు ఎవరు చేస్తున్నారో విచారించి అధికారులే ఇవ్వాలి. బ్యాంకులు ఆ కార్డుల్ని సరిగా ఖాతరు చెయ్యలేదు, అది వేరే సంగతి. 2019లో దాని స్థానంలో కొత్త చట్టం వచ్చింది. ఇందులో ఆసామీ, కౌలుదారూ 11 నెలలకు ఒప్పందం రాసుకుని ఇద్దరూ సంతకాలు చెయ్యాలి. అప్పుడే కార్డు. కార్డు వుంటే పంట రుణం, బీమా, నష్టపరిహారం అడిగే అర్హత వస్తుంది. భూమి మీద ఆసామి హక్కుకు ఏ భంగమూ లేదని చట్టమే చెబుతున్నది.

మరి ఆసామి సంతకం ఎందుకు పెట్టడు? తెల్లకాగితం మీద వేలు పెడితే భూమి పోతుందని తాతలనాటి భయం ఒకటి. ఆ భూమి పాసుపుస్తకం మీద ఆయన అప్పటికే బ్యాంకులో పంట రుణం తీసుకుని వుండటం ఇంకొకటి. పరిహారం తన ఖాతాలో పడితే పోయేదేముందన్న లెక్క మూడోది. ఈ మూడూ చట్టం చేసేటప్పుడు తెలియనివి కావు. తలుపు మనకు చూపించి తాళం ఆసామికిచ్చారు.

2024 మార్చిలో తుఫాను పరిహారం ఖాతాల్లో పడింది. ఆమె సాగుచేసిన రెండెకరాల సొమ్ము ఆసామి ఖాతాలో పడింది. "సగం ఇస్తాలే" అన్నాడు. ఉగాది పోయింది, నాట్లు వచ్చాయి, ఆ సగం రాలేదు. కౌలు బస్తాలు మాత్రం పూర్తిగా కొలిపించుకున్నాడు.

అమ్ముకునే హక్కు ఎవరికి అక్కరకొస్తుంది?

రెండో చట్టం సంగతి. భూమిలేని పేదలకు ప్రభుత్వం ఇచ్చిన భూమిని ఎవరూ కొనగూడదు, కొన్నా చెల్లదు, తిరిగి పేదవాడికే ఇప్పించాలి అని 1977 చట్టం చెప్పింది. ఆ చట్టం వుండగానే మోతుబరులు అప్పు కింద, తాకట్టు కింద ఎంత భూమి మింగారో ప్రతి వూళ్లో ముసలివాళ్లు చెబుతారు. 2023 సవరణతో, ఇచ్చి 20 ఏళ్లు దాటిన సాగుభూమిని అమ్ముకోవచ్చన్నారు.

దీని మీద మా సంఘంలోనే రెండు అభిప్రాయాలు వచ్చాయి. "అందరి భూమికీ ధర వుండి మా భూమికే లేకపోవటం ఏం న్యాయం? పిల్ల పెళ్లికి, జబ్బుకి మేం మాత్రం అమ్ముకోగూడదా?" అని ఒక సభ్యుడు అడిగాడు. ఆ ప్రశ్నను తోసిపారెయ్యలేము. కానీ అప్పుల్లో వున్నవాడికి అమ్ముకునే హక్కొస్తే, అప్పిచ్చినవాడికి కొనుక్కునే హక్కొచ్చినట్టే. సభలో ఆ బిల్లు వచ్చినప్పుడు మన శాసనసభ్యుడు పేట మెట్టెక్కి ఈ రెండు వాదనలూ విన్నాడా? వినలేదు. చట్టం అయిపోయాక వచ్చి "ఇచ్చాం" అన్నాడు.

ఆ తరవాత ఏం జరిగింది? 2024లో ప్రభుత్వం మారింది. ఆ సవరణ కింద నిషేధం తొలగించిన భూముల రిజిస్ట్రేషన్లు ఆపి విచారణ మొదలుపెట్టారు. ల్యాండ్ టైట్లింగ్ చట్టాన్నయితే అదే ఏడాది శాసనసభ రద్దుచేసింది. భూతగాదాలు సివిలు కోర్టుల చేతిలో నుంచి పోతాయని న్యాయవాదులు కోర్టులు బహిష్కరించి రోడ్డెక్కితే గాని అలాంటి చట్టం ఒకటుందని వూళ్లకు తెలియలేదు. అంటే ఆయన మైకులో చెప్పిన మూడింటిలో ఒకటి ఏడాది తిరక్కుండా పోయింది, ఒకటి నడిమధ్యలో ఆగింది. చట్టం రాతి మీద గీత కాదని దీన్నిబట్టి మనం నేర్చుకోవాలి. కౌలు చట్టమూ అంతే.

నివేదికలో లేని మురుగుకాలువ

వూరి పనుల లెక్కలో రోడ్డు చెప్పాడు గాని మురుగుకాలువ చెప్పలేదు. తుఫాను వెళ్లిపోయాక కూడా చేలల్లో రోజుల తరబడి నీళ్లు నిలిచింది ఆ కాలువ నిండా గుర్రపుడెక్క, పూడిక పేరుకోవటం వల్ల. పేట శ్మశానానికి పోయే దారి కూడా ఆ గట్టు మీదుగానే. వానాకాలం శవాన్ని మోసుకుని మోకాటి లోతు బురదలో పోతారు. మేము ఆ రెండూ రాసి అర్జీ ఇచ్చాము. తీసుకుని పక్కనున్న మనిషి చేతికిచ్చాడు. 2024 వేసవిలో కాలువలో కొంతమేర డెక్క తీశారు. శ్మశానం దారి అలానే వుంది.

మనం అడగాల్సినవి

శాసనసభ్యుడి అసలు పని చట్టం చెయ్యటం. రోడ్డు వేయించడానికి ఇంజనీర్లున్నారు, పింఛను ఇవ్వటానికి ఉద్యోగులున్నారు. సభలో బిల్లు వచ్చినప్పుడు ఒక్కో క్లాజు మీద మాట్లాడవచ్చు, సవరణ పెట్టవచ్చు. ప్రశ్న వేసి మంత్రి చేత జవాబు చెప్పించవచ్చు. చట్టం అయ్యాక ప్రభుత్వం రూల్సు రాస్తుంది, జీవోలు ఇస్తుంది. పేదవాడి నోటికాడ కూడు చాలాసార్లు పోయేది ఆ రూల్సులోనే. వాటి మీద కూడా నిలదీయవచ్చు. కాబట్టి ఏ పార్టీ మనిషి వచ్చినా నాలుగు ప్రశ్నలు అడుగుదాం.

ఒకటి, ఈ చట్టంలో మా వూళ్లో ఎవరికి లాభం, ఎవరికి నష్టం? రెండు, బిల్లు వచ్చిన రోజు తమరు సభలో వున్నారా, ఏం మాట్లాడారు? మూడు, రూల్సు, జీవో తెలుగులో పంచాయతీ ఆఫీసులో ఎప్పుడు పెట్టిస్తారు? నాలుగు, పోయినసారి మేమిచ్చిన అర్జీ ఏమయింది?

మన డెల్టాకు ఇది కొత్త అలవాటేమీ కాదు. 1955లో గన్నవరం నుంచి శాసనసభకెళ్లిన పుచ్చలపల్లి సుందరయ్యగారు సైకిలు మీద తిరిగిన సంగతి అందరూ చెప్పుకుంటారు. 1974లో కొల్లూరు దగ్గర అనంతవరం గ్రామాన్ని సర్వే చేసిన సంగతి తక్కువమంది చెప్పుకుంటారు. ప్రజల బతుకు లెక్క తెలియనివాడు ప్రజలకు లెక్క చెప్పలేడు. వచ్చే నాయకుడికి ఆ లెక్క లేకపోతే మన దగ్గరైనా వుండాలి.

ఆ సభ తరవాత ఆ వూరి శాఖ ఒక నోటుబుక్కు కొన్నది. ఏ చేను ఎవరిది, ఎవరు సాగుచేస్తున్నారు, కార్డు వుందా లేదా, అని ఇంటింటికీ తిరిగి రాశారు. పదో తరగతి చదివే పిల్లలే రాసిపెట్టారు. 2024 ఖరీఫుకు ముందు ఆ జాబితా పట్టుకుని ఆసాముల ఇళ్లకు వెళ్లారు. "భూమి పోదు, చట్టంలోనే రాశారు, చూడండి" అని చదివి వినిపించారు. కొందరు చిన్న ఆసాములు సంతకాలు పెట్టారు. పెద్దాసాములు పెట్టలేదు. ఆమె ఆసామీ పెట్టలేదు. మరుసటేడు ఆ రెండెకరాలు ఆమెకివ్వకుండా వేరేవాళ్లకిచ్చాడు. సభలో లేచి అడిగినందుకని వూరంతా అనుకున్నారు.

అడిగినవాళ్లు ఒంటరిగా నిలబడితే జరిగేది ఇదే. మేము ఆ రోజు ఆమెను సభకు రమ్మన్నాము గాని, ఆమె లేచినప్పుడు పక్కన పదిమంది లేచేట్టు చూడలేకపోయాము. ఆ తప్పు మాది. ఆసామి సంతకంతో పనిలేకుండా కౌలుదారుకు కార్డు ఇచ్చే కొత్త చట్టం తెస్తామన్న మాట 2024లో వినబడింది. మాటను చట్టం చేయించాలంటే ప్రతి పేటలో ఒక నోటుబుక్కు వుండాలి, ప్రతి సభలో ఒకరు లేస్తే పదిమంది లేవాలి.

ఆమె ఇప్పుడు కూలికే పోతున్నది. మొన్న శాఖ సమావేశంలో అడిగితే, "మళ్లీ వస్తాడుగా, నా ప్రశ్నకు ఇంకా జవాబు రాలేదు. అడుగుతా" అన్నది. ఈసారి ఆమె పక్కన మేమూ లేస్తాము. మీ వూళ్లో మీరూ లేవండి.