ఎండిన రంగులన్నీ పారేసేవి కావు

వేసవి డ్రాయింగు క్లాసులు మొదలయ్యాయంటే మా వరండాలో ఎండిపోయిన రంగుల సంతే. "ఇవన్నీ పారేసి కొత్తవి కొనమంటారా మాస్టారూ?" అని తల్లులు అడుగుతారు. నేను ముందు చూసేది, రంగుపొడిని పట్టి ఉంచిన బంక ఏదా అని.

వాటర్ కలర్‌లో ఉండేది తుమ్మజాతి చెట్ల జిగురు. తడి పోతే గట్టిపడుతుంది, నీళ్లు తగిలితే మళ్లీ కరుగుతుంది. రాయిలా బిగిసిన ట్యూబును బ్లేడుతో నిలువునా చీల్చి, ఆ ముక్కను పాలెట్ గుంటలో పెట్టి నాలుగు చుక్కల నీళ్లు వేయండి. తెల్లారేసరికి బ్రష్షుకు అందుతుంది. కొట్లో కొనే రంగు బిళ్లలు మాత్రం ఎండినవి కావూ? పోస్టర్ కలర్ కూడా చాలావరకు ఇలాగే తేరుకుంటుంది. బూజు పట్టి కంపు కొడితే మాత్రం మమకారం వద్దు.

ఆక్రిలిక్ సంగతి వేరు. చీరల మీద పూలు వేసే ఫ్యాబ్రిక్ కలర్లూ ఈ జాతివే. తడి ఆరేకొద్దీ అందులోని సన్నని ప్లాస్టిక్ రేణువులు అతుక్కుని పొరగా మారతాయి. ఆ పొర నీళ్లలో కరగదు కాబట్టే చీర ఉతికినా పువ్వు నిలుస్తుంది. చిక్కబడిన రంగును కాసిన్ని నీళ్లతో దక్కించుకోవచ్చు. రబ్బరు ముద్దయితే ఆశ వదులుకోవాల్సిందే.

ఆయిల్ రంగులోని అవిసె నూనె గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి గట్టిపడుతుంది. ఎండినది వెనక్కి రాదు. కాకపోతే ముందు పాల మీద మీగడలా పైపైనే కడుతుంది. అది తీసేస్తే అడుగున తాజా రంగు దొరుకుతుంది. 1841లో అమెరికా చిత్రకారుడు జాన్ గాఫ్ రాండ్ తగరపు ట్యూబుకు పేటెంటు తీసుకునేదాకా యూరప్ చిత్రకారులు ఈ రంగుల్ని పంది మూత్రాశయపు తిత్తుల్లో కట్టి ఉంచేవారు. గాలి సోకకుండా చూడటానికే ఆ తంటా అంతా.

మూత బిగుసుకుంటే ట్యూబు తలను వేడినీళ్లలో కాసేపు ముంచి, గుడ్డతో పట్టి తిప్పండి. ట్యూబును మెలిపెడితే పొట్ట పగులుతుంది. మూత వచ్చాక మరల మీది రంగు తుడిచి, కొంచెం వేజలీన్ రాయండి. సగం ఖాళీ అయిన సీసాలో గాజు గోళీలు వేస్తే రంగు పైకి వచ్చి, గాలికి చోటు తగ్గుతుంది.

మిగిలిన ఆక్రిలిక్‌ను సింకులో పోయకండి, గొట్టాల్లో పేరుకుంటుంది. ఎండబెట్టి చెత్తలో వేయండి. ఖాళీ ప్లాస్టిక్ డబ్బాను గోరువెచ్చని నీళ్లలో నానబెడితే పొర ఊడివస్తుంది. అందులో గుండీలు, సూదులు దాచుకోవచ్చు, పోపుగింజలు వద్దు. అవిసె నూనె తుడిచిన గుడ్డల్ని ఉండచుట్టి మూలన పడేస్తే వేడెక్కి తమంతట తామే అంటుకోవచ్చు. విప్పి ఆరుబయట పరిచి ఆరనివ్వండి.

పెట్టెలో ముందు అయిపోయేది తెలుపు. వాడక ఎండిపోయేది ఊదా. తెలుపు కోసం మళ్లీ పెట్టెడు రంగులు కొనకండి, ఆ ఒక్క సీసా తెచ్చుకుంటే చాలు.