మాయకోట ఆటలోని మర్మము



ఈ దినము నేను చెప్పబూనినది ఒక వీడియో ఆటను గూర్చి. ఆ పేరు వినినంతనే కొందఱు పెద్దలు, పిల్లలను చెఱచు వస్తువును గూర్చి ప్రసంగమేల యని అనుకొనవచ్చును. వారి శంక నిరాధారము కాదు. కాని ఆటలన్నియు ఒక్క జాతివి కావు. పణమొడ్డి ఆడు జూదము వేఱు, చదరంగము వేఱు. తెరమీది ఆటలలోను ఏ ఆట మనస్సుచేత ఏ పని చేయించుచున్నదో తెలిసికొనక మంచిచెడ్డలు నిర్ణయించుట తగదు. నేను వివరింపదలచినది పాడుపడిన కోటలో తిరుగుచు, భూతప్రేతములతో పోరాడుచు, దారులు వెదకుకొను జాతి ఆట. చూచువారికి ఇది వట్టి కత్తిసామువలె కనబడును. దీని ప్రాణము మాత్రము కత్తిలో లేదు. అది ఎక్కడ నున్నదో తెలుపుటయే నా యుద్దేశము. అందులకు మన అనంతపురపు సీమలోని గుత్తిదుర్గమును దృష్టాంతముగా తీసికొందును.

ఐరోపా సాహిత్యమున 'గోథిక్' అను భయానక కథారీతి యొకటి కలదు. 1764లో హోరేస్ వాల్పోల్ వెలువరించిన 'ఒట్రాంటో కోట' దానికి మొదటిదిగా ఎన్నబడుచున్నది. 1897 నాటి బ్రామ్ స్టోకర్ 'డ్రాకులా' దానిలో మిక్కిలి ప్రసిద్ధమైనది. ఈ కథలలో పురాతనభవనమే ఒక పాత్ర. మనకును ఇది క్రొత్త గాదు. 1942లో జెమినీవారు చలనచిత్రముగా తీసిన బాలనాగమ్మ కథ అంతకు పూర్వమే పల్లెపల్లెను పాడుకొనబడినది. అందులోని మాయావిని కత్తితో చంపుట సాధ్యము గాదు. వాని ప్రాణము చిలుకలో నున్నదని మొదట తెలియవలెను. ఈ మాట జ్ఞాపకముంచుకొనుడు. ముందు దీనితో పని యున్నది.

1986లో జపానుదేశపు కొనామి సంస్థవారు 'కాసిల్‌వేనియా' అను ఆటను వెలువరించిరి. అందు నాయకుడు కొరడా చేతబట్టి ఒక ఘట్టము ముగించి మఱియొక ఘట్టమునకు పోవును. వెనుకకు మరలు పని లేదు. ఆ యేటనే నింటెండో వారు వెలువరించిన 'మెట్రాయిడ్'లో దారి ముందునకే గాక వెనుకకును, పైకిని, క్రిందికిని చీలియుండెను. 1997లో కొనామివారి 'సింఫనీ ఆఫ్ ది నైట్' ఈ రెండు రీతులను ఒక్క కోటలో కలిపెను. దీనికి తోరు హగిహార దర్శకుడు, కోజి ఇగరాషి సహాయదర్శకుడు. ఆ రెండు పూర్వపు ఆటల పేర్లు జోడించి ఈ జాతిని 'మెట్రాయిడ్‌వేనియా' యందురు. 2020లో ఈ ఆట చేతి ఫోనులకును వచ్చెను.

నాయకుని పేరు అలూకార్డ్. డ్రాకులా పేరులోని ఆంగ్లాక్షరములను చివరనుండి చదివిన ఈ పేరగును. అతడు ఆ పిశాచరాజుకు మానవకాంతయందు జనించిన కుమారుడు. కోటలో అడుగిడునప్పుడు అతని యొద్ద మేలైన ఖడ్గమును, కవచమును ఉండును. కొంతదూరము పోగానే మృత్యుదేవత ఎదురై వానిని అపహరించును. బలము ఎట్టిదో రుచి చూపి, ఇక దానిని నీవే సంపాదించుకొనుమని ఆట చెప్పుచున్నది.

ఇక గుత్తిని తలచుకొనుడు. చుట్టునేలకన్న సుమారు 300 మీటర్లు లేచిన రాతికొండ. శంఖమువలె మెలిదిరిగిన ప్రాకారములు. ఒకదాని వెనుక నొకటిగా ద్వారములు. మొదటి ద్వారము దాటినవాడు కోటను గెలిచినవాడు కాడు. ఆ ద్వారము వానిని పైనున్న బురుజుల చూపునకు అప్పగించును. ఎక్కడ దారి యిరుకో, ఎక్కడ మలుపో తెలిసినవానికే కోట వశమగును. తెరమీది కోటయు అట్టిదే.

అందులో మొదటి సూత్రము మూసిన తలుపును గూర్చినది. క్రొత్తగా ఆడువాడు తలుపు తెఱచుకొననిచో ఎదుటనున్న రాక్షసుని చంపిన తెఱచుకొనునని తలంచును. అట్లు జరుగదు. కోటలో కొన్ని నీలపు తలుపులు కలవు. గ్రంథాలయములోని వృద్ధుని యొద్ద ఒక మణిని వెలయిచ్చి కొనిన పిమ్మటనే అవి తెఱచుకొనును. ఎత్తైన అరుగు నందుకొనుటకు గాలిలో రెండవమాఱు దూకు శక్తి కావలెను. ఇనుపకమ్ముల నడుమనుండి దూఱుటకు పొగమంచుగా మాఱు విద్య కావలెను. గబ్బిలముగా మాఱినచో ఎగురవచ్చును. నీటిలో దిగిన అలూకార్డుకు గాయమగును. ఒక రక్షాచిహ్నము లభించిన పిమ్మట ఆ నీరే దారి యగును. కావున ప్రతి అడ్డంకియు పిమ్మట రమ్మని పెట్టిన గడువువంటిది.

దాటలేని చోటును గుర్తుంచుకొనుటయే ఇందలి నేర్పు. నడచిన గదులు పటములో రంగుతో నిండును, చూడనిచోటు ఖాళీగా మిగులును. రెండు గదుల నడుమ కారణములేని ఖాళీ కనబడినచో, అక్కడ పగులగొట్టదగిన గోడ యుండునేమో యని అనుమానింపవలెను. క్రొత్తశక్తి చేజిక్కగానే ముందునకు పరుగెత్తువాడు కోటలో చాల భాగమును పోగొట్టుకొనును. ఇంతకుముందు నన్ను నిలిపిన తలుపులలో ఏది ఇప్పుడు తెఱచుకొనునని తన్ను ప్రశ్నించుకొని వెనుకకు మరలువానికి కోట పెరుగుచుండును.

రెండవ సూత్రము నిల్వలను గూర్చినది. ప్రాణబలము, మంత్రశక్తి, హృదయములు అని ముఖ్యముగా మూడు లెక్కలు కలవు. మంత్రశక్తి ఇసుకలోని చెలమనీటివలె తనంతట తాను ఊరును. ప్రాణబలము సాధారణముగా అట్లు ఊరదు. దానికి ఆహారమో, ఔషధమో, ఆటను పదిలపఱచు గదియో కావలెను. హృదయములు కొవ్వొత్తులను కొట్టిన దొరకును, బాకు, గొడ్డలి వంటి విసరు ఆయుధములను వాడిన తఱుగును. మరణించినవాడు చివరిమాఱు పదిలపఱచిన చోటినుండి మరల నడవవలెను. ఇంకొక గది చూతునా, వెనుకకు పోదునా యను ప్రశ్న అతనిని విడువదు. వేఱొక చిక్కును కలదు. ఆహారమును వాడుటకు ముందు దానిని చేత ధరింపవలెను. అనగా ఆ చేతిలోని ఖడ్గమునో డాలునో దింపవలెను. కావున తిండికి వేళ ఏదో పోరాటమునకు ముందే తలపోయవలెను.

ఈ సూత్రము ఎంత కఠినమో గుత్తి చెప్పగలదు. ఏటికి సగటున 550 మిల్లీమీటర్లకు అటునిటుగా వాన కురియు సీమ మనది. కొండమీది బావులును, వాననీటి తొట్లును ఆ దుర్గమునకు ప్రాణములు. మరాఠా సర్దారుడైన మురారిరావు ఘోర్పడే దానిని ఏలుచుండగా మైసూరు హైదరాలీ ముట్టడించెను. సంధి మాటలు నడచుచుండగా, కోటలో మూడు దినములకు మాత్రమే నీరు మిగిలియున్నదను రహస్యము హైదరాలీ చెవిని పడెననియు, అతడు సంధిని విడిచి మరల ముట్టడికి పూనెననియు ఒక కథనము కలదు. 1776లో నీటియెద్దడి చేతనే దుర్గము లొంగెను. కొండకొమ్మున నున్న చిన్న మంటపమున మురారిరావు చదరంగ మాడెడివాడని చెప్పుకొందురు. పావుల లెక్క ఎఱిగిన ఆ సర్దారుడును తొట్టిలోని నీటిలెక్కకు తలవంచవలసివచ్చెను.

మూడవ సూత్రము పోరాటమును గూర్చినది. ప్రతి రాక్షసునికి ఒక లయ కలదు: చేయి యెత్తును, ఆగును, కొట్టును. 1986 నాటి ఆటలో నాయకుడు దూకిన పిమ్మట గాలిలో దిశ మార్చుకొనలేడు. నేల విడుచుటకు ముందే యోచింపవలెను. 1997 నాటి ఆటలో ఒక మీట నొక్కిన అలూకార్డు వెనుకకు జాఱును. శత్రువు దెబ్బ వట్టిగాలికి తగులును. ఆ నిమేషమే ఎదురుదెబ్బకు తఱి. ఒక్కొక్క ఆయుధమునకు పొడవు వేఱు, వేగము వేఱు. రెండుచేతుల ఖడ్గము బలమైనది, కాని దానితో డాలు పట్టుట పొసగదు. కావున తొందరపాటు ఇక్కడ దోషము. చూచి నిలుచుట గుణము.

శత్రువులను చంపినకొలది అనుభవపు అంకె పెరిగి నాయకుడు మెట్టుమెట్టుగా బలపడును. నేర్పు లేనివాడు ఒకేచోట చిల్లర రాక్షసులను గంటల తరబడి చంపి ఆ అంకెను పెంచుకొనవచ్చును, ఆట వారింపదు. కాని అట్లు పెంచిన బలము మూసిన తలుపు నొక్కదానినైనను తెఱవదు.

దీని ఫలము కోట పైభాగమున తేలును. పూర్వము డ్రాకులాను జయించిన రిక్టర్ అను వీరుడు, ఇప్పుడు ఈ కోటకు తానే ప్రభువునని ఎదురగును. కత్తిబలము గలవాడు అతనిని చంపవచ్చును. చంపినచో ఆట అక్కడనే ముగియును. మంచివాడు వృథాగా మరణించును, కోట సగమైనను తెలియకయే పోవును. ఓపికతో కోటను శోధించి రెండు ఉంగరములు సంపాదించి, గడియారపు గదిలో దారి తెఱిపించుకొనినవానికి మరియా అను కన్య ఒక కంటియద్దముల జోడు నిచ్చును. దానిని ధరించి చూచిన, రిక్టరును వశపఱచుకొనిన మాయాగోళము గాలిలో తేలుచు కనబడును. కొట్టవలసినది ఆ గోళమును. అది పగిలినపుడు ఆకాశమున తలక్రిందులైన రెండవ కోట ప్రత్యక్షమగును. అందు పైకప్పులు నేలలగును. పటపు లెక్క నూటికి 200 దాటును. బాలనాగమ్మ కథలో చిలుక యెట్టిదో ఇక్కడ గోళ మట్టిది. ప్రాణ మెక్కడ నున్నదో ఎఱుగనివానికి ఖడ్గము కీడే చేయును.

కావున పెద్దలకు నా మనవి ఇది. ఈ ఆటలో నెత్తురును, భూతములును కలవు, పసిపిల్లలకు తగదు. ఎదిగిన పిల్లలకును వేళకు హద్దుండవలెను. ఆటను పదిలపఱచు గది చేరినపుడు ఆపుమనుట న్యాయమైన కట్టడి. అయితే ఎందఱిని చంపితివని అడుగకుడు. ఏ తలుపు మూసియున్నది, దానికేమి కావలెను, తిరిగివచ్చుటకు నీయొద్ద ఏమి మిగిలియున్నది అని అడుగుడు. పిల్లవాడు పటమును చూపి వివరించినచో అతడు ఆలోచించుచున్నాడని తెలియును. చెప్పలేనిచో వేళ వ్యర్థమగుచున్నదని తెలియును. వీలైనపుడు అతనిని గుత్తికొండకు తోడ్కొనిపోయి, ఈ కోటను నీవు కాపాడవలసివచ్చిన మొదట దేనిని లెక్కించెదవని అడుగుడు. ద్వారములను, బురుజులను విడిచి నీటితొట్ల దారి యడిగినచో, అతడు ఆటను గ్రహించినట్లే.