సుందరీకరణ పనులకు దుబ్బు పామ్ మొక్కల ఎంపిక, కొనుగోలు

రహదారుల మధ్య విభాజకాలు, విద్యాసంస్థల ప్రాంగణాలు, ఆసుపత్రులు, గృహ సముదాయాలు మొదలైన చోట్ల పచ్చదనం కోసం దుబ్బు కట్టే పామ్ మొక్కల వాడకం విస్తృతమయింది. తూర్పు గోదావరి జిల్లా కడియం పరిసర గ్రామాల నర్సరీల నుండి ఈ మొక్కలు లారీలలో రెండు తెలుగు రాష్ట్రాలకే గాక ఇతర రాష్ట్రాలకు కూడా వెళ్తున్నాయి. నాటిన తొలి ఏడాది కంటికి నిండుగా కనిపించిన దుబ్బులు రెండు మూడేళ్లు గడిచేసరికి పలచబడి, ఆకుల కొనలు మాడి, నడుమ ఎండిన కర్రలతో మిగలడం చాలా చోట్ల కనిపిస్తుంది. నీరు చాలలేదనో, ఎరువు వేయలేదనో దీనికి కారణం చెబుతారు. అది కొంతవరకు నిజమే. అయితే లోపం అనేక సందర్భాలలో కొనుగోలు నాడే మొదలవుతుంది. సంచిలో ఏమున్నదో చూడకుండా ఎత్తునూ, గుబురునూ, ధరనూ మాత్రమే చూసి ఎంచుకోవడం ఇందుకు మూలం.

దుబ్బు అంటే ఏమిటి?

పామ్ మొక్కలు ఏకదళ బీజాలు. వీటి కాండంలో కాండాన్ని ఏటా లావు చేసే విభాజ్య కణజాలపు వలయం ఉండదు. ప్రతి కాండానికీ కొనన ఒకే ఒక పెరుగుదల స్థానం, అంటే మొవ్వు, ఉంటుంది. కొబ్బరిలో మొవ్వు పోతే చెట్టు పోయినట్లే. దుబ్బు కట్టే జాతులలో కాండం మొదట, నేల మట్టానికి దగ్గరగా ఉన్న మొగ్గలు పిలకలుగా ఎదుగుతాయి. అందువల్ల ఒక కాండం చచ్చినా దుబ్బు బ్రతుకుతుంది. కానీ కత్తిరించిన కాండం తిరిగి చిగురించదు. కంచె మొక్కలను కత్తిరించినట్లు పామ్ దుబ్బును పైన సమంగా కోయించే తోటపనివారు కొన్ని చోట్ల ఇంకా ఉన్నారు. అలా కోసిన ప్రతి కాండమూ క్రమంగా ఎండిపోతుంది.

దుబ్బు నిండుదనం పిలకల వలన రావాలి. నర్సరీ సంచిలో కనిపించే నిండుదనం మాత్రం ఎక్కువగా అలా వచ్చినది కాదు. అరెకా పామ్ అని వ్యవహరించే మొక్కను ఉదాహరణగా తీసుకోవచ్చు. ఒక్క విత్తనం నుండి వచ్చిన మొక్క చూడముచ్చటైన దుబ్బుగా మారడానికి ఏళ్లు పడుతుంది. అంతకాలం వేచి ఉండక, ఒకే సంచిలో పది, పదిహేను, ఒక్కొక్కసారి అంతకు మించి నారుమొక్కలను కలిపి పెంచుతారు. ఏడాది, రెండేళ్లలో గుబురైన మొక్క సిద్ధమవుతుంది. ఇందులో మోసమేమీ లేదు. ఇది లోకమంతటా ఉన్న వ్యాపార పద్ధతి. వరండాలోనో, కార్యాలయపు గదిలోనో కుండీలో ఉంచదలచిన వారికి ఆ సంచి చక్కగా సరిపోతుంది. నేలలో నాటి ఇరవై ఏళ్లు నిలుపుకోవాలన్నప్పుడే చిక్కు వస్తుంది. ఒకే గుంటలో పదిహేను స్వతంత్ర మొక్కలు నీటికీ పోషకాలకూ వెలుతురుకూ పోటీ పడి, బలహీనమైనవి నడుమ నుండి ఎండుతూ వస్తాయి. మిగిలినవి సన్నగా పైకి సాగి, క్రింద పిలకలు పెట్టక, గాలికి ఒరుగుతాయి.

ఈ రెండింటినీ వేరు చేసి గుర్తించడం కష్టమేమీ కాదు. సంచిలో పై మట్టిని రెండు మూడు అంగుళాలు వేళ్లతో తొలగించి చూడాలి. అసలైన దుబ్బులో ఒక లావైన తల్లి కాండం, దాని మొదలుకు అంటుకొని వేర్వేరు వయసుల పిలకలు కనిపిస్తాయి. నారుమొక్కల కట్ట అయితే కాండాలన్నీ దాదాపు ఒకే లావున, ఒకే ఎత్తున, దేనికదే విడిగా నేలలో దిగి ఉంటాయి. ఒక కాండాన్ని పట్టుకొని మెల్లగా ఊపినప్పుడు అదొక్కటే కదిలితే అది విడి మొక్క. మొదలంతా కలిసి కదిలితే అది పిలక. నేలలో నాటే పనులకు మూడు నుండి ఐదు బలమైన మొక్కలున్న సంచి, లేదా పిలకలు మొదలైన ఒంటి మొక్క మేలు. గుబురు సంచులే దొరికినప్పుడు నాటిన తరువాత బలహీనమైన వాటిని నేల మట్టానికి కోసివేయాలి. పీకితే ప్రక్క మొక్కల వేర్లు తెగుతాయి. కాండాల సంఖ్య తగ్గించమంటే డబ్బు పెట్టి కొన్న యజమాని ఒప్పుకోడు. విస్తరణ శాస్త్రవేత్తలు ముందుగానే నచ్చజెప్పవలసిన విషయమిది.

ఫీనిక్స్ రోబెలెనై అనే పొట్టి ఖర్జూర జాతి విషయంలోనూ ఇటువంటిదే జరుగుతుంది. సాగులో ఉన్న మొక్కలు చాలావరకు ఒంటి కాండంతోనే పెరుగుతాయి. రెండు మూడు మొక్కలను ఒకే కుండీలో నాటి దుబ్బు మొక్కగా అమ్ముతారు. రాపిస్ ఎక్సెల్సా ఇందుకు పూర్తిగా భిన్నమైనది. దీనిని ప్రధానంగా దుబ్బు విడదీసి వృద్ధి చేస్తారు గనుక కొన్నది నిజమైన దుబ్బే అయి ఉంటుంది. పెరుగుదల నిదానం గనుక ధర కూడా ఎక్కువే.

పేరుతో వచ్చే చిక్కులు

అరెకా అన్నది శాస్త్రీయంగా వక్క చెట్టు ప్రజాతి పేరు. నర్సరీలలో ఆ పేరుతో అమ్మేది మడగాస్కర్ ద్వీపానికి చెందిన వేరొక మొక్క. శాస్త్రవేత్తలు దీనిని 1995లో క్రైసాలిడోకార్పస్ ప్రజాతి నుండి డిప్సిస్‌లోకి మార్చి, 2022లో తిరిగి పాత ప్రజాతికి చేర్చారు. అందుచేత పుస్తకాలలో డిప్సిస్ లుటెసెన్స్, క్రైసాలిడోకార్పస్ లుటెసెన్స్ అనే రెండు పేర్లూ కనిపిస్తాయి. రెండూ ఒకే మొక్క.

ఇంతకన్న నష్టం కలిగించే పొరపాటు చేపతోక పామ్ దగ్గర జరుగుతుంది. మన్యం ప్రాంతంలో కల్లు కోసం గీసే జీలుగు చెట్టు, కారియోటా యూరెన్స్, ఒంటి కాండంతో పెద్ద వృక్షంగా ఎదుగుతుంది. దుబ్బు కట్టేది ఆగ్నేయాసియాకు చెందిన కారియోటా మైటిస్. రెండింటి ఆకులూ చేపతోక ఆకారపు ఉపపత్రాలతో ఉండడం వలన లేత వయసులో వేరు చేయడం కష్టం. మైటిస్ చిన్నతనంలోనే పిలకలు పెడుతుంది. పిలకలు కనిపించని చేపతోక మొక్కను దుబ్బు జాతి అన్న నమ్మకంతో కిటికీ ప్రక్కన నాటకూడదు.

కారియోటాలో మరొక విశేషం ఉన్నది. కాండం పూర్తిగా ఎదిగిన తరువాత పై గెల నుండి మొదలుపెట్టి క్రిందికి వరుసగా పూస్తుంది. చిట్టచివరి గెల కాసిన పిమ్మట ఆ కాండం చనిపోతుంది. దుబ్బు జాతిలో ప్రక్క పిలకలు స్థానాన్ని నింపుతాయి గాని, చనిపోయిన కాండాన్ని మొదలంటా కోసి తీసే పని తరచు ఉంటుంది. కాయల గుజ్జులోని కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలు చర్మానికి తీవ్రమైన దురద కలిగిస్తాయి. బడి ఆవరణలకు, పిల్లల ఆటస్థలాలకు ఈ మొక్క తగదు.

స్థలానికి తగిన జాతి

అరెకా పామ్ ఎండలోనూ పాక్షిక నీడలోనూ పెరుగుతుంది. నేలలో 6 నుండి 9 మీటర్ల ఎత్తు, 3 నుండి 5 మీటర్ల వెడల్పు వరకు విస్తరించగలదు. అడుగు దూరానికొకటి నాటిన వరుసలు కొన్నేళ్లకే ఇరుకైపోవడానికి కారణమిదే. తెరలాగ కావలసిన చోట కూడా ఒకటిన్నర నుండి రెండు మీటర్ల ఎడం అవసరం. ఎండలో దీని ఆకు కాడలు బంగారు పసుపు రంగు తేలుతాయి. అది సహజ లక్షణమే గాని తెగులు కాదు.

ఉత్తర ఆస్ట్రేలియా, న్యూగినీ ప్రాంతాలకు చెందిన మెకార్థర్ పామ్ సన్నని కాండాలతో, ఎర్రని కాయల గెలలతో కోస్తా జిల్లాల తేమ వాతావరణానికి బాగా నప్పుతుంది. దీనికి దక్కవలసినంత ఆదరణ దక్కలేదు. రాపిస్, కమిడోరియా జాతులు నీడ మొక్కలు. భవనాల ఉత్తరపు ప్రక్కన, పెద్ద చెట్ల క్రింద రాణిస్తాయి. నేరుగా పడే మే నెల ఎండలో పాలిపోతాయి. ఫీనిక్స్ రిక్లినేటా ఆఫ్రికా జాతి. విశాలమైన ఉద్యానాలలో అందగిస్తుంది గాని, ఆకు మొదట వాడి ముళ్లుంటాయి గనుక నడకదారుల ప్రక్కన పనికిరాదు.

ఎర్రని కాండపు తొడుగులతో ఆకర్షించే సిర్టోస్టాకిస్ రెండా గురించి కొంత వివరంగా చెప్పుకోవాలి. ఇది మలేసియా, సుమత్రా, బోర్నియోల చిత్తడి అడవుల మొక్క. నిత్యం తడి, గాలిలో తేమ, వెచ్చదనం కోరుతుంది. గోదావరి డెల్టాలో కాలువ గట్టు నర్సరీ నీడలో నిగనిగలాడుతున్న మొక్కను చూసి రాయలసీమకో, తెలంగాణ పీఠభూమికో తీసుకొని వెళ్తే వేసవి వడగాలికి ఆకులు మాడిపోతాయి. ధర ఎక్కువ గనుక నష్టమూ ఎక్కువ. కొలను అంచులకు, అదీ కోస్తా తేమలో, దీనిని పరిమితం చేయడం వివేకం.

నీటి నాణ్యత జాతి ఎంపికను శాసిస్తుంది. అరెకా పామ్ ఉప్పు నీటిని సహించదు. ఫ్లోరైడు అధికమైతే అరెకా, కమిడోరియా మొక్కల ఆకు కొనలు మాడతాయి. నల్గొండ, ప్రకాశం వంటి జిల్లాల భూగర్భజలాలలో ఫ్లోరైడు సమస్య తెలిసినదే గనుక అక్కడ బోరు నీటిని పరీక్షించిన పిదపే ఈ జాతులను సిఫారసు చేయాలి. అటువంటి చోట్ల కుండీ మిశ్రమంలో సూపర్ ఫాస్ఫేట్ కలపడం కూడా మంచిది కాదు. ఆ ఎరువులోనూ ఫ్లోరైడు ఉంటుంది.

నర్సరీలో పరిశీలన

షేడ్ నెట్ క్రింద పెరిగిన మొక్క ముదురు ఆకుపచ్చగా, మెత్తగా, పొడవాటి ఆకులతో ముచ్చటగా కనిపిస్తుంది. దానిని తెచ్చి రహదారి నడుమ నాటితే ఉన్న ఆకులు ఎండకు కమిలిపోతాయి. నీడలో ఏర్పడిన ఆకు ఎండకు అలవాటు పడదు. ఎండలో పుట్టిన కొత్త ఆకే తట్టుకుంటుంది. కనుక ఎండ స్థలానికి ఆరుబయట పెరిగిన, కాస్త పొట్టిగా, లేత రంగుతో ఉన్న మొక్కలనే అడిగి తీసుకోవాలి. చూపుకు అవి రెండో రకంగా కనిపించడమే కొనుగోలుదారును తప్పుదోవ పట్టిస్తుంది.

ఎత్తును ఎక్కడి నుండి ఎక్కడికి కొలవాలన్నది కూడా ముందే తేల్చుకోవాలి. ఆకు కొన వరకు ఆరడుగులున్న మొక్కకు కాండం అడుగున్నర మాత్రమే ఉండవచ్చు. కొనుగోలు పత్రంలో శాస్త్రీయ నామం, కాండం ఎత్తు, కాండాల సంఖ్య, సంచి లేక వేరుగడ్డ పరిమాణం, ఎండలో పెంచినదా నీడలో పెంచినదా అనే వివరాలు వ్రాస్తే సరఫరాదారుకూ కొనేవారికీ వివాదం ఉండదు.

వేర్ల విషయంలో మామిడి, వేప మొక్కల నియమాన్ని యథాతథంగా అన్వయించరాదు. సంచిలో చుట్టలు చుట్టుకున్న వేరు ఆ చెట్లలో లావెక్కి మొదలును బిగిస్తుంది. పామ్ వేరు లావెక్కదు. కాండం మొదలు నుండి కొత్త వేర్లు నిరంతరం పుడుతుంటాయి. అందుచేత వేరు చుట్టలు ఉన్నంత మాత్రాన మొక్కను తిరస్కరించనక్కరలేదు. నేలలో పెంచి గడ్డతో తవ్వి తీసిన పెద్ద దుబ్బుల దగ్గర మాత్రం జాగ్రత్త అవసరం. డెల్టా బంకమన్ను గడ్డను ఎర్ర చల్కా నేలలో నాటినప్పుడు చుట్టూ నేల తడిగా ఉన్నా గడ్డ లోపల ఎండిపోవచ్చు. నీరు గడ్డ మీదనే పడేటట్లు పాదు కట్టాలి. తవ్వినప్పుడు తెగిన వేర్ల స్థానంలో కొత్తవి రావడానికి నేల వెచ్చగా, తేమగా ఉండాలి గనుక తొలకరి తరువాతి మాసాలు ఈ పనికి అనుకూలం.

పురుగుల పరిశీలనను ఏ మాత్రం ఉపేక్షించరాదు. 2016లో మన దేశంలో తొలిసారి గుర్తించిన సర్పిలాకార తెల్లదోమ తరువాతి కాలంలో గోదావరి జిల్లాల కొబ్బరి తోటలను తీవ్రంగా బాధించింది. కొబ్బరి, అరటి, జామలతో పాటు అలంకరణ పామ్‌లు కూడా దీనికి ఆశ్రయమిస్తాయి. దోమ సోకిన మొక్కలను తరలించడమంటే దోమనే కొత్త ప్రాంతానికి లారీలో పంపడం. ఒక ఉద్యానవనపు అలంకరణ ఇరుగు పొరుగు కొబ్బరి రైతు జీవనాధారానికి ముప్పు కాగలదన్న మాట. ఆకు అడుగున వలయాలుగా పెట్టిన గుడ్లు, తెల్లని మైనపు నూగు, క్రింది ఆకులపై నల్లని మసి పొర ఉన్నాయేమో చూడాలి. ఉన్న మొక్కలను లారీ ఎక్కించరాదు. తెచ్చిన మొక్కలను కూడా నాటే ముందు రెండు మూడు వారాలు విడిగా ఉంచి గమనించడం మంచిది. దోమ కనిపించగానే రసాయనాలు చల్లితే దానిని అదుపులో ఉంచే ఎన్‌కార్సియా గ్వాడెలూపే అనే పరాన్నజీవి కూడా నశిస్తుంది. ఒత్తిడితో నీటిని చల్లి కడగడం తొలి చర్య కావాలి.

నాటిన తరువాత

సంచిలో ఏ లోతున ఉన్నదో నేలలోనూ అదే లోతున నాటాలి. గాలికి పడకుండా ఉంటుందని లోతుగా పాతిపెడితే వేర్లకు గాలి అందక మొవ్వు ఆకులు ఇనుప ధాతు లోపంతో పాలిపోతాయి. పిలక మొగ్గలూ పైకి రావు. గానోడెర్మా తెగులుతో చచ్చిన కొబ్బరి లేక ఇతర పామ్ తీసిన గుంటలో మళ్లీ పామ్ నాటకూడదు.

పొటాషియం లోపం పామ్‌లలో అన్నిటికన్న సామాన్యమైనది. ముందుగా ముదురు ఆకులలో కనబడుతుంది. వాటిపై పసుపు, నారింజ రంగు మచ్చలేర్పడి కొనలు ఎండుతాయి. చూడడానికి బాగా లేవని ఆ ఆకులను కోయించడం ప్రాంగణాలలో పరిపాటి. మొక్క ఆ ముదురు ఆకులలోని పొటాషియాన్నే తీసి కొత్త ఆకులకు అందిస్తుంటుంది. వాటిని కోసినకొద్దీ లోపం పైనున్న ఆకులకు ప్రాకుతుంది. పూర్తిగా ఎండిన మట్టలను మాత్రమే తీసి, పొటాష్, మెగ్నీషియం కలిసిన ఎరువును విడతలుగా వేయాలి. మచ్చలు పడిన ఆకు మళ్లీ పచ్చబడదు. ఎరువు ఫలితం కొత్తగా వచ్చే ఆకులలోనే కనిపిస్తుంది గనుక అందుకు అనేక మాసాలు వేచి ఉండక తప్పదు.