కడగవలసినవి ఎవరి కాళ్ళు?

చుట్టం గడపలో అడుగుపెట్టగానే మనం చెంబుతో నీళ్ళిస్తాము. కాళ్ళు కడుక్కునేది మాత్రం ఆయనే. ఇంటి యజమాని స్వయంగా వంగి కడిగే కాళ్ళు పెళ్ళికొడుకువి. అదీ పీటలమీద, మేళతాళాలతో!

ఈస్టరుకు ముందు వచ్చే గురువారం సాయంకాలం ఉప్పల్, నాచారం వైపు కతోలిక గుడికి వెళితే ఈ మర్యాద తలకిందులై కనిపిస్తుంది. విభూది బుధవారంతో మొదలైన తపస్కాలం కొసకు వచ్చి వుంటుంది. గురువు పైవస్త్రం తీసివేసి, నడుముకు తువ్వాలు చుట్టుకుని, వరసగా కూర్చున్న పన్నెండుమంది మామూలు మనుషుల ముందు మోకరిస్తారు. నాచారం పారిశ్రామికవాడలో పగలంతా యంత్రం దగ్గర నిలబడినవాడూ అందులో వుండవచ్చు. నీళ్ళు పోసి, పాదాలు కడిగి, తుడుస్తారు. యోహాను సువార్త 13వ అధ్యాయంలో క్రీస్తు చేసిన పని అది. ఆ కాలంలో అది బానిసలు చేసే చాకిరీ గనుకనే పేతురు, వీల్లేదని కాలు వెనక్కు తీసుకున్నాడు.

ఒక చిన్న తమాషా చెప్పకపోతే బాగుండదు. గురువుగారు కడుగుతారు గదా అని, ఆ పన్నెండుమందీ ఇంటిదగ్గరే సబ్బుతో తోముకుని మరీ వస్తారు! కడిగిన కాళ్ళనే మళ్ళీ కడగడం. అందులో తప్పేమీ లేదు; సిగ్గు ఎవరికైనా సిగ్గే. కాని దుమ్ము కాళ్ళ సంగతి ఎవరు చూస్తారన్న ప్రశ్న అలాగే మిగిలిపోతుంది.

దానికి జవాబు వెతకాలంటే ఉప్పల్ కూడలిలో వరంగల్లు బస్సు ఎక్కి, అక్కడినుంచి రైలుమీద ఇంకా ముందుకు, డోర్నకల్లు దాకా పోవాలి.

వేదనాయకం శామ్యూల్ అజరయ్య తమిళుడు. తిరునల్వేలి ప్రాంతంలో 1874లో, ఒక పల్లెటూరి గురువు ఇంట పుట్టాడు. వై.ఎం.సి.ఎ.లో కార్యదర్శిగా పేరూ పలుకుబడీ సంపాదించుకున్న మనిషి, 1909లో ఆ కొలువు వదిలి నైజాం ఇలాకాలోని డోర్నకల్లుకు వచ్చాడు. అప్పటికి ముప్పయ్యయిదేళ్ళు. ఆ వయస్సులో కూర్చుని తెలుగు నేర్చుకున్నాడు. మనలో ఎందరం చేయగలం ఆ పని?

1910లో ఎడింబరో మహాసభలో తెల్ల మిషనరీల ఎదుటే ఆయన నిర్మొహమాటంగా చెప్పాడు: మీ త్యాగాలు మాకు తెలుసు, మాకు కావలసింది మీ స్నేహం అని. సభలో కొందరికి అది రుచించలేదు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో ఆయనకు బిషప్పు పదవి ఇచ్చారు. ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవి పొందిన మొదటి భారతీయుడాయన. వద్దన్నవారు తెల్లవారిలోనే కాదు, మనవారిలోనూ వున్నారు.

పదవి వచ్చాక ఆయన ఎడ్లబండి కట్టించుకుని తిరిగింది ఎక్కువగా మాల, మాదిగ పేటలు. ఊరి పెద్దలు నీడ కూడా సోకనివ్వని మనుషుల మధ్య కూర్చుని బిషప్పు పాఠం చెప్పేవాడు. మాలలకూ మాదిగలకూ నడుమ కూడా అంటు పట్టింపు వున్న రోజులవి. ప్రభుభోజన సమయాన ఆ ఇద్దరూ ఒకే గిన్నెలో తాగవలసి వచ్చింది. దానితో గీత చెరిగిపోయిందని అనలేము. ఈనాటికీ పూర్తిగా చెరగలేదు.

వినయం అంటే మెతకదనం అనుకునేవారికి ఆయన్ను చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. క్రమశిక్షణ విషయంలో మహా గట్టివాడు. 1939 జనవరి 6న ప్రతిష్ఠ చేసిన డోర్నకల్లు పెద్ద గుడిలో మసీదు మీనార్లను తలపించే గోపురాలూ, మన మండపాల తీరు స్తంభాలూ పక్కపక్కనే నిలబెట్టించాడు. 1945 జనవరి 1న ఆ ఊళ్ళోనే కన్నుమూశాడు.

ఇక మళ్ళీ హైదరాబాదుకు వద్దాం. కడిగే చేతులూ, కడిగించుకునే కాళ్ళూ కూడా మారుతున్నాయి. 2013లో పోపు ఫ్రాన్సిస్ రోములోని బాలనేరస్థుల జైలుకు వెళ్ళి ఖైదీల పాదాలు కడిగారు. వారిలో ఆడపిల్లలున్నారు, ముస్లిములున్నారు. ఆ వరసలో స్త్రీలూ కూర్చోవచ్చునని 2016లో నియమమే మార్చారు. 2022లో హైదరాబాదు అగ్రపీఠాధిపతి పూల అంతోని కార్డినల్ అయ్యారు. తెలుగువారిలో ఆయనే మొదటివారు, దళితులలోనూ ఆయనే మొదటివారు. అజరయ్య బండి ఆగిన పేటలవంటి పేటల బిడ్డల వంతు వచ్చింది, తువ్వాలు నడుముకు చుట్టుకోవడానికి.

నాచారంలో వచ్చే గురువారానికి ఎవరెవరిని కూర్చోబెట్టాలో ఎంచుకునేటప్పుడు, పొద్దున వీధి ఊడ్చే ఆవిడను కూడా పిలవవచ్చు. ఆవిడ తప్పకుండా కాలు వెనక్కు లాక్కుంటుంది.