ఎకరం ముప్పై సెంట్ల పైకప్పు

ఈ వారం ముఖచిత్రానికి ఎడిటర్‌గారు అడిగింది ఇంగ్లండ్ దొరసాని కథ. గౌన్లు, వజ్రాలు, తేనీటి విందులు ఉండాలన్నారు. గురువారం సాయంత్రానికి పేజీలు ప్రెస్సుకి వెళ్లిపోవాలి. జమీందారీ వైభవాలంటే నాకు మొదట్నుంచీ గిట్టదు. అందుకే కాబోలు, వజ్రాల దగ్గర కాకుండా బల్బుల దగ్గర ఆగిపోయాను.

బల్బులు 2,084. లెక్క చెప్పింది డెవన్‌షర్ డచెస్ డెబోరా కేవెండిష్. డెర్బీషర్‌లోని తమ చాట్స్‌వర్త్ భవనం గురించి 1982లో ‘ది హౌస్’ అని పుస్తకం రాశారు. ఆ భవనంలో గదులు 175, వాటిలో 51 మరీ పెద్దవి. మెట్ల వరసలు 17, తలుపులు 359, గాజు పలకలు 7,873. నడవాలన్నీ కలిపితే 3,426 అడుగులు, అంటే కిలోమీటరు పైమాటే. ఇక పైకప్పు 1.3 ఎకరాలు. మన లెక్కలో ఎకరం ముప్పై సెంట్లు! అంత నేలుంటే మనవైపు వరి వేస్తారు. ఆవిడకది వానొస్తే ఎక్కడ కారుతుందోనని చూసుకోవాల్సిన చోటు. పుస్తకంలో ఎన్ని హంగులున్నా, ఇల్లాలి బెంగ కనిపించేది ఈ అంకెల్లోనే.

పాత కథ గబగబా చెప్పేస్తాను. కేవెండిష్‌లు ఆ నేల కొన్నది 1549లో. డెబోరా 1941లో పెళ్లాడింది ఇంటి రెండో కొడుకు ఆండ్రూని. పెద్ద కొడుకు 1944లో యుద్ధంలో పోవడంతో వారసత్వం వీళ్ల మీద పడింది. మామగారు ఆస్తిని ముందే ట్రస్టుకి రాశారు. రాశాక అయిదేళ్లు బతికితే వారసత్వ పన్ను తప్పేది. కొద్ది వారాల్లో గడువు తీరుతుందనగా, 1950 నవంబరులో కన్నుమూశారు. పన్ను 80 శాతం! వేల ఎకరాలు అమ్మారు. రెంబ్రాంట్, హోల్బీన్ చిత్రాలు చేజారాయి. 1959లో వాళ్లదే మరో భవనం హార్డ్‌విక్ హాల్, పాత కట్టడాల్ని కాపాడే నేషనల్ ట్రస్ట్ పరమైంది.

ఆ ఏడే చాట్స్‌వర్త్‌లో కాపురం పెట్టిన డెబోరా దర్జా పక్కనపెట్టి బేరం మొదలెట్టారు. 1973లో పిల్లల కోసం పశువుల కొట్టం తెరిచి, పాలు ఎక్కడ్నుంచి వస్తాయో అందరి ముందూ పితికి చూపించారు. అది చూసిన ఓ పట్నం పిల్లాడు, ఇంత రోత ఎక్కడా చూడలేదనీ, ఇక పాలు ముట్టననీ తేల్చేశాడట. ఆవిడ ఈ సంగతి నవ్వుతూ చెప్పేవారు. 1977లో ఎస్టేటు మాంసం అమ్మే దుకాణం పెట్టారు. కోళ్లంటే ప్రాణం. ఖరీదైన పొడవాటి గౌనులో కోళ్లకి మేత వేస్తున్న ఫొటో ఆవిడది బాగా పేరుపడింది. మా ఎడిటర్‌గారు అడిగిన గౌను ఇదొక్కటే దొరికింది.

బాక్స్: ఆరుగురు అక్కచెల్లెళ్లు
డెబోరా పుట్టింటివాళ్లు మిట్‌ఫర్డ్‌లు. ఆ ఇంటి ఆడపిల్లల్లో ఆవిడ ఆఖరిది. నాన్సీ నవలలు రాసింది. జెస్సికా కమ్యూనిస్టు. డయానా, యూనిటీ ఫాసిస్టులు. యూనిటీతో, తల్లితో కలిసి 1937లో డెబోరా హిట్లర్‌ని కలిసింది కూడా. యుద్ధంలో పోయిన బావగారి భార్య కాథ్లీన్, అమెరికా అధ్యక్షుడు కెనెడీకి చెల్లెలు. ఆమె సమాధి చాట్స్‌వర్త్ పక్కనున్న ఎడెన్సర్‌లోనే ఉంది.

డచెస్ 2014లో, 94 ఏళ్ల వయసులో పోయారు. వారసత్వంగా వచ్చినదాన్ని కాపాడుకోవడం త్యాగమని నేననను. కానీ ఆవిడ మంచి వ్యాపారి. 1981 నుంచి భవనం ఒక ధార్మిక ట్రస్టు నిర్వహణలో ఉంది. చూడ్డానికి వచ్చేవాళ్లు టికెట్టు కొంటారు, లోపల ఉండే కేవెండిష్‌లు అద్దె కడతారు.