వెనక ఇరుసు చోటు తప్పితే?

కంచికచర్లలో 65వ నంబరు జాతీయ రహదారి పక్కన నిలబడి, విజయవాడ వైపు వెళ్లే లారీలను వెనకనుంచి గమనించండి. ఒక్కోసారి ఒక లారీ కాస్త ఏటవాలుగా పోతూ కనిపిస్తుంది. స్టీరింగు బాగానే ఉన్నా, తేడా వెనక ఇరుసులో ఉండొచ్చు.

లారీకైనా, పాత అంబాసిడర్ కారుకైనా వెనక ఇరుసును పట్టి ఉంచేవి కమాన్ కట్టలే. కట్ట మధ్యలోని సెంటర్ బోల్టు తల ఇరుసు మీది గుంటలో సరిగ్గా దిగాలి. ఇరుసు ఎక్కడుండాలో నిర్ణయించేది ఆ చిన్న తలే! అది దిగకుండా, కట్టను ఇరుసుకు పట్టి ఉంచే యూ బోల్టులు బిగిస్తే ఒక చక్రం ముందుకో వెనక్కో జరుగుతుంది. ఇక టైర్ల అరుగుదల మొదలు.

ఇంట్లోనే కారు విప్పినవాళ్లను బాగా ఏడిపించేది, కట్టను తిరిగి బిగించేటప్పుడు దాని కొసల దగ్గర బోల్టు రంధ్రాలు కలవకపోవడం. ఎందుకలా? కారును లేపగానే ఇరుసు కిందికి వేలాడుతుంది, కట్ట వంపు పెరుగుతుంది, దాని రెండు కొసల మధ్య దూరం మారిపోతుంది. సుత్తితో బాదితే లాభం లేదు. కారు బాడీని గట్టి స్టాండ్ల మీద నిలిపి, ఇరుసు కింద జాకీ పెట్టి కొద్దికొద్దిగా లేపాలి. రంధ్రాలు కలిశాయేమోనని వేలు మాత్రం పెట్టకండి, తెగిపోతుంది. అందుకు మొనదేలిన ఇనుప కడ్డీ ఉంది. పెద్దవాళ్లు పక్కన లేకుండా ఈ పనికి దిగనే వద్దు.

కట్ట కొసల్లోని రబ్బరు బుష్షుల బోల్టులను చివరిగా బిగించేది కారు నాలుగు చక్రాల మీద నిలిచాకే. గాల్లో ఉండగా బిగిస్తే రబ్బరు ఎప్పుడూ మెలితిరిగే ఉండి త్వరగా చిరుగుతుంది. తర్వాత స్టీరింగు నేరుగా ఉంచి, ముందు చక్రం నడిమి నుంచి వెనక చక్రం నడిమికి రెండు వైపులా టేపుతో కొలవండి. కొలతలు కలవకపోతే యూ బోల్టులు మళ్లీ వదులు చేయాల్సిందే.