హారతి పట్టే చేతికి హక్కు ఎవరిచ్చారు?

ద్వారకా తిరుమల శ్రీవారి గర్భాలయంలో ఒకే విమానం క్రింద కొలువైన రెండు మూర్తులకు వైఖానస ఆగమానుసారం జరిగే అర్చనను మీరు కన్నులారా దర్శించే ఉంటారు. ఆ హారతి పట్టే చేయి ఎవరిది కావాలన్న వివాదం సర్వోన్నత న్యాయస్థానం దాకా వెళ్లిన సంగతి ఎందరికి తెలుసు?

1987 నాటి దేవాదాయ చట్టం అర్చకుల వంశపారంపర్య హక్కులను, హుండీలో వాటాలను, రుసుములను రద్దు చేసింది. దానిని ఎ.ఎస్. నారాయణ దీక్షితులు సవాలు చేయగా 1996 మార్చిలో తీర్పు వెలువడింది. ఆగమోక్తమైన పూజావిధి మతంలో అంతర్భాగమే గాని, అర్చకుని నియామకం మాత్రం లౌకిక వ్యవహారమని, అందులో వారసత్వ హక్కును శాసనం తొలగించవచ్చునని ధర్మాసనం తేల్చింది.

తర్కం బాగానే ఉంది. అయితే వైఖానసులు గర్భస్థ శిశువుకే విష్ణుబలి సంస్కారం జరుపుతారు. వారి దృష్టిలో అర్చకత్వం పుట్టుకకు ముందే మొదలవుతుంది. మరి లౌకికానికీ, వైదికానికీ నడుమ గీత ఎక్కడ గీస్తారు?

పెద్ద క్షేత్రాల మాట అటుంచండి. కొల్లేటి లంకల్లోను, తాడేపల్లిగూడెం పరిసర పల్లెల్లోను ధూపదీపాలకే వెదుకులాడే చిన్న గుడి అర్చకునికి ఆ పళ్లెంలో పడే చిల్లరే జీవనాధారం. ఈ కష్టాన్ని గుర్తించిన న్యాయస్థానమే అర్చకుల సంక్షేమానికి పథకం రూపొందించమంది. 2007లో శాసనసభ చట్టాన్ని సవరించి, అర్హతగల వంశపారంపర్య అర్చక కుటుంబాలకు తిరిగి చోటు కల్పించింది.